మాట్లాడే హక్కు, దెబ్బలు తినే వీపు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల దళిత కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చదువుకోడానికి వీలుగా అక్కడక్కడా ఉపశీర్షికలు పెట్టాం.)

 

ఫోన్లలో, కంప్యూటర్లలో మనం నడుపుకుంటున్న పత్రికలకూ చానళ్లకూ ఉన్న హక్కులేమిటి, పరదేశాల్లో ఉండి మనకు సాయం చేస్తున్న మనోళ్లకు ఉన్న హక్కులేమిటి? ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయం ఇది. ఇది చదువుకున్నోళ్ల గొడవ, మనకెందుకులే అని వెనక కూర్చున్న పెద్దలు అనుకోవచ్చు. కాదు నాయనా. ఇది మన గేరిలోకి వచ్చేసిన గొడవ.

ఊళ్లో రెండు గ్లాసుల హోటలు ఉందనుకోండి. శ్మశానానికి పోయే దారికి ఎవడో కంచె వేసినాడనుకోండి. డి పట్టా భూమిలో రాత్రికి రాత్రి జేసీబీ దిగిందనుకోండి. ముప్పై ఏళ్ల కిందట ఏం చేసేవాళ్లం? అర్జీ రాసుకోని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లం. విలేకరి దగ్గరికి పోతే ఆయన ముందు ఊరిపెద్దను అడిగి, తర్వాత మన గోడు రాసేవాడు. రాస్తే నాలుగు లైన్లు, లేకుంటే అదీ లేదు. ఇప్పుడు పదో తరగతి తప్పిన పిల్లోడు కూడా ఫోను తీసి పట్టుకుంటాడు. పది నిమిషాల్లో ఆ వీడియో బెంగుళూరుకు పోతుంది, కువైట్‌కు పోతుంది, అమెరికాకు పోతుంది. అక్కడున్న మనోడు దానికి నాలుగు మాటలు కలిపి ప్రపంచానికంతా చూపిస్తాడు.

బాగుంది. మర్నాడు పొద్దున పోలీసు జీపు ఎవరింటికి వస్తుంది? అమెరికాకు పోదు, కువైట్‌కు పోదు. ఈ పిల్లోడి ఇంటికే వస్తుంది. వాళ్ల నాయన కూలికి పోయేది ఆ భూస్వామి చేనుకే. వాళ్లమ్మ నీళ్లు తెచ్చేది ఆ వీధి కుళాయి నుంచే. మాట్లాడే హక్కు అందరికీ ఒకటే అని రాజ్యాంగం రాసింది. దాని ఖరీదు మాత్రం అందరికీ ఒకటి కాదు. కులం ఆ ఖరీదు కడుతుంది. ఈ రోజు నేను చెప్పదల్చుకున్న మాట ఇదొక్కటే. హక్కు ఎంతవరకు ఉందో గట్టిగా తెలుసుకోవాలి, దాని ఖరీదు అందరం పంచుకోవాలి.

అచ్చు మనకు కొత్త కాదు

సొంత పత్రిక పెట్టుకోవడం మనకు ఫోన్లతో వచ్చిన బుద్ధి కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ అనే మరాఠీ పక్షపత్రిక మొదలుపెట్టినాడు. అంటే మూగవాళ్ల నాయకుడు అని. కొల్హాపూర్ సాహూ మహారాజు దానికి 2,500 రూపాయలు ఇచ్చినాడు. తిలక్ పెట్టిన కేసరి పత్రిక, డబ్బులు కడతాం మా పత్రిక ప్రకటన వేయండి అంటే కూడా వేయలేదు. డబ్బిచ్చినా అంటరానితనమే!

ఇంకో సంగతి చూడండి. పత్రిక పెట్టిన ఆరు నెలలకే, 1920 జూలైలో, ఆయన చదువు పూర్తి చేసుకోడానికి లండన్‌కు పోయినాడు. పత్రిక ఇక్కడ, పెట్టినోడు అక్కడ. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అంబేద్కరే పరదేశం నుంచి పనిచేసిన కార్యకర్త. పత్రిక మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు, 1923 నాటికి ఆగిపోయింది. దూరాన ఉన్నోడి తెలివి ఎంత గొప్పదైనా, దగ్గర ఉండి రోజూ మోసేవాళ్లు, రోజూ ఖర్చు పెట్టేవాళ్లు లేకుంటే పత్రిక నడవదు. ఆయన తిరిగి వచ్చి 1927లో బహిష్కృత భారత్, 1930లో జనత పెట్టినాడు. పట్టు వదల్లేదు.

తెలుగు నేల మీద కూడా అంతే. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టినాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న జయభేరి నడిపినాడు. కారంచేడు తర్వాత, చుండూరు కాలంలో ఎన్ని చిన్న పత్రికలు వచ్చినాయో మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చేతిలో డబ్బు లేదు, ప్రెస్సు లేదు, పోస్టు ఖర్చులు లేవు. అయినా అచ్చు వేసినారు. ఇప్పుడు మీ పిల్లలు ఫోన్లో చేస్తున్నది ఆ పనే. కాబట్టి ఫోన్లో పెట్టేదాన్ని చిల్లరగా చూడొద్దండి.

విలేకరి కార్డు ఎవరిచ్చినారు?

గలాటా జరిగిన చోట మన పిల్లోడు వీడియో తీస్తుంటే పోలీసు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే: "నువ్వేమైనా విలేకరివా? కార్డు చూపించు."

దీనికి జవాబు 1948 డిసెంబరు 2న రాజ్యాంగసభలో అంబేద్కరే చెప్పిపెట్టినాడు. పత్రికా స్వేచ్ఛ అని విడిగా ఎందుకు రాయలేదని సభ్యులు అడిగినారు. పత్రికకు ప్రత్యేక హక్కులేమీ లేవు, మామూలు పౌరుడికి ఉన్న హక్కే పత్రికకూ ఉంది, అందుకని విడిగా రాయాల్సిన పని లేదు అని ఆయన సమాధానం. దీన్ని తిప్పి చదవండి. పెద్ద పేపరు సంపాదకుడికి ఎంత హక్కు ఉందో మన గేరిలో ఫోను పట్టుకున్న పిల్లోడికీ అంతే ఉంది. అదే 19(1)(ఎ) అధికరణ. కార్డు అక్రిడిటేషన్‌కు, బస్సు పాసుకు కావాలి. మాట్లాడడానికి కార్డు అక్కర్లేదు.

హద్దులు లేవా అంటే ఉన్నాయి. 19(2)లో ఎనిమిది కారణాలు రాసినారు. దేశ సార్వభౌమత్వం, దేశ భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం. ఈ ఎనిమిదిలో ఎమ్మెల్యేకు కోపం తెప్పించడం లేదు. సర్పంచి మనసు నొప్పించడం లేదు. భూస్వామి నిద్ర చెడగొట్టడం లేదు. ఎవరైనా కేసు అంటే, ఆ ఎనిమిదిలో ఇది దేని కిందికి వస్తుంది సార్ అని అడగండి.

66ఏ కథ

2008లో ఐటీ చట్టాన్ని సవరించి 66ఏ అనే సెక్షను తెచ్చినారు. ఫోన్లో, కంప్యూటర్లో చికాకు కలిగించేది పంపినా మూడేళ్ల దాకా జైలు అని. చికాకు అంటే ఏంటి? ఎవరికి? అది పోలీసు ఇష్టం. 2012లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో, బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో అడిగినందుకు ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేసినారు. 2013 మే నెలలో మన రాష్ట్రంలోనే పి.యు.సి.ఎల్. నాయకురాలు, లాయరు జయ వింధ్యాలను, చీరాల ఎమ్మెల్యేనూ అప్పటి తమిళనాడు గవర్నరునూ విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు పట్టుకుపోయినారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, పై అధికారుల అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు చేయొద్దని కోర్టు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఉత్తరప్రదేశ్ రాంపూర్‌లో దళిత రచయిత కన్వల్ భారతిని ఒక ఫేస్‌బుక్ రాత మీద అరెస్టు చేసినారు. అదే రోజు బెయిలు వచ్చింది గానీ, భయం పెట్టాలనుకున్నోళ్ల పని అయిపోయింది.

శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని వేసిన కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఏను మొత్తంగా కొట్టేసింది. ఒక విషయాన్ని చర్చించడం వేరు, దాన్ని బలపరచి మాట్లాడడం వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరు అని విడమరిచి చెప్పింది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కే. మూడోది వచ్చినప్పుడే ప్రభుత్వం చెయ్యి వేయగలదు.

అంతటితో అయిపోయిందా? లేదు. చచ్చిన సెక్షను కింద పోలీసులు ఏళ్ల తరబడి కేసులు కడుతూనే వచ్చినారు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా ఉత్తరువు ఇవ్వాల్సి వచ్చింది, ఈ సెక్షను కింద ఎవర్నీ విచారించడానికి వీల్లేదని. ఢిల్లీలో చట్టం చచ్చిపోయినా పోలీసు స్టేషనులో బతికే ఉంటుంది. ఆ కబురు స్టేషనుకు చేర్చాల్సింది మనమే.

జెండా మారింది, లాఠీ మారలేదు

ఫోను వీడియోకు బలం ఎంతో డాక్టర్ సుధాకర్ సంగతే చెబుతుంది. ఆయన నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, మాస్కులు లేవని మాట్లాడినందుకు సస్పెండ్ చేసినారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి ఆయన్ని లాక్కుపోయినారు. దారిన పోయేవాళ్లు ఫోన్లలో తీసిన వీడియోలు రాష్ట్రమంతా తిరిగినాయి. ఆ వీడియో జతచేసి రాసిన లేఖనే హైకోర్టు పిటిషనుగా తీసుకుని, విచారణను సి.బి.ఐ.కి ఇచ్చింది. ఆ మనిషి 2021 మేలో చనిపోయినాడు. వీడియో ఆయన ప్రాణం నిలపలేకపోయింది గానీ, జరగలేదని ఎవరూ అనలేకుండా చేసింది. ఫోను లేకుంటే ఆ రోజు ఆయన పిచ్చోడిగా ఒక్కడే మిగిలిపోయేవాడు.

అదే నెలలో ఎల్.జి. పాలిమర్స్ గ్యాసు దుర్ఘటన మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు అడిగినందుకు గుంటూరులో 66 ఏళ్ల పెద్దామెకు సి.ఐ.డి. నోటీసు పోయింది. 2023 డిసెంబరులో, అమెరికా నుంచి వచ్చిన ప్రవాసాంధ్రుణ్ణి శంషాబాద్ విమానాశ్రయంలోనే సి.ఐ.డి. పట్టుకుంది, అప్పటి ముఖ్యమంత్రి మీద పోస్టులు పెట్టినాడని. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది నవంబరు నుంచి అవతలి పార్టీ సోషల్ మీడియా వాళ్ల మీద వరసగా అరెస్టులు. తెలంగాణలో 2025 మార్చిలో, ఒక రైతు మాటల్ని వీడియోలో చూపించినందుకు ఇద్దరు మహిళా విలేకరుల్ని తెల్లవారుజామున పట్టుకుపోయినారు. ఏ పార్టీ వచ్చినా అధికారంలో లేనప్పుడు భావ స్వేచ్ఛ అంటుంది, అధికారంలోకి రాగానే సెక్షన్లు వెతుకుతుంది. కాబట్టి ఈ పార్టీ వస్తే మన నోటికి విడుదల అని ఎవర్నీ నమ్మొద్దండి.

కోర్టులు కొంత పట్టించుకున్నాయి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ అనే ఎంపీ పెట్టిన ఒక కవిత వీడియో మీద గుజరాత్‌లో కేసు కట్టినారు. 2025 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక మాట ప్రమాదకరమా కాదా అన్నది ప్రతి విమర్శకూ ఉలిక్కిపడేవాడి కొలతతో చూడకూడదు, నిబ్బరమున్న మనిషి కొలతతో చూడాలి అని చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇలాంటి కేసుల్లో ముందు డి.ఎస్.పి. అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపాలనీ చెప్పింది. 2025 జూలైలో మన హైకోర్టు మెజిస్ట్రేట్లందరికీ సర్క్యులరు పంపింది, సోషల్ మీడియా కేసుల్లో పోలీసులు అడిగినారని కళ్లు మూసుకుని రిమాండు వేయొద్దని. హిందూపురం కోర్టుకైనా, పెనుకొండ, ధర్మవరం కోర్టులకైనా ఇది వర్తిస్తుంది. మన లాయర్లు ఆ కాగితం జేబులో పెట్టుకోవాలి.

పరదేశంలో మనోళ్లు ఎవరు?

పరదేశంలో మనోళ్లు అనగానే అమెరికాలో ఇంజనీరు గుర్తొస్తాడు. వాళ్లూ ఉన్నారు, మంచి పని చేస్తున్నారు. అక్కడ కూడా కులం ఉందని వాళ్లు గొంతెత్తినందుకే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అయితే మన రాయలసీమ నుంచి ఎక్కువ మంది పోయింది ఎక్కడికి? గల్ఫ్‌కు. కువైట్‌లో వంటపని, పాచిపని చేసే అక్క కూడా కార్యకర్తే. ఆమె పంపిన డబ్బుతోనే మన వీధిలో అంబేద్కర్ విగ్రహం లేస్తుంది, మన కరపత్రం అచ్చవుతుంది.

వీళ్లందరి హక్కు ఒకటే కాదు. ముగ్గురిగా విడదీసి చెబుతా.

ఒకటి, చేతిలో ఇండియా పాస్‌పోర్టు ఉండి బయట పనిచేసేవాళ్లు. వాళ్లు మన పౌరులే. 19(1)(ఎ) వాళ్లకు పూర్తిగా ఉంది. దేశం దాటితే ఆ హక్కు ఊడిపోతుందా అన్న ప్రశ్న మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో వచ్చింది. ఆమె అప్పుడు ఒక పత్రిక సంపాదకురాలు. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు చెప్పింది, మాట్లాడే హక్కుకు దేశం సరిహద్దే హద్దు కాదని, కారణం చెప్పకుండా, మనిషి మాట వినకుండా పాస్‌పోర్టు లాక్కోకూడదని.

రెండు, అక్కడి పౌరసత్వం తీసుకుని ఓ.సి.ఐ. కార్డు పెట్టుకున్నోళ్లు. వాళ్లు మన చట్టం ప్రకారం విదేశీయులు. 14, 21 అధికరణలు ప్రతి మనిషికీ ఉన్నాయి గానీ 19 పౌరులకే. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం వాళ్లు ఇక్కడికొచ్చి విలేకరి పని చేయాలన్నా, పరిశోధన చేయాలన్నా ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. స్వీడన్‌లో ప్రొఫెసర్ అశోక్ స్వైన్ కార్డును ప్రభుత్వం రద్దు చేస్తే, కారణాలు చెప్పలేదని ఢిల్లీ హైకోర్టు 2023 జూలైలో ఆ ఉత్తర్వు కొట్టేసింది. ప్రభుత్వం మళ్లీ రద్దు చేసింది, కోర్టు 2025 మార్చిలో మళ్లీ కొట్టేసింది. గెలిచినాడు, కానీ ఏళ్లు పట్టింది. అంత ఓపిక, అంత డబ్బు అందరికీ ఉండవు.

మూడు, గల్ఫ్‌లో ఉన్నోళ్లు. వాళ్లు మన పౌరులే, హక్కు ఉంది. కానీ కాలు పెట్టిన నేల చట్టం వేరు. కువైట్‌లో 2015 నుంచి సైబర్ చట్టం ఉంది. యు.ఏ.ఇ.లో అనుమతి లేకుండా ఫోన్లో చందాలు అడిగినా నేరమే. మన రాజ్యాంగం అక్కడ కాపాడదు. అక్కా, షేర్ చెయ్యి అని ఇక్కడి నుంచి తొందరపెట్టే తమ్ముళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఆమె ఉద్యోగం పోతే ఇక్కడ ఆరుగురి కడుపు మాడుతుంది.

అమెరికాలో చదివే పిల్లలకూ ఇప్పుడు చిక్కులున్నాయి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు తమ ఖాతాలన్నీ అందరికీ కనపడేట్టు తెరిచి పెట్టాలని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. కాబట్టి దూరాన ఉన్నోళ్లకు ఏ భయమూ లేదని మనమూ అనుకోకూడదు.

పైసల సంగతి

కలం పట్టినోణ్ణి పడగొట్టాలంటే రాత మీదికి రారు, లెక్కల మీదికి వస్తారు. అందుకని దీన్ని బాగా వినండి.

విదేశీ విరాళాల చట్టం, 2010 నాటిది, వార్తలు నడిపేవాళ్లకు విదేశీ విరాళం పూర్తిగా నిషేధం అంటుంది. సంపాదకుడికి, విలేకరికి, కార్టూనిస్టుకు, పత్రిక యజమానికి, ఫోన్లో వార్తలు చూపించే సంస్థకు, అందరికీ. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన చిన్నాయన కొడుకు సంస్థకు పంపినా అది విదేశీ డబ్బే. అయితే ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనిషి, బయట కష్టపడి దాచుకున్న సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదని హోంశాఖే చెప్పింది. కువైట్ అక్క పంపే రెండు వేలు న్యాయమైన డబ్బు. హవాలాలో వద్దు, చేతి మీద వద్దు. బ్యాంకులోనే రావాలి, పాస్‌పోర్టు కాపీ ఫైల్లో ఉండాలి.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కొరియా కార్ల ఫ్యాక్టరీ తెరిచినారు. కొరియా డబ్బును మేళతాళాలతో ఎదురుపోయి తెచ్చుకున్నారు. మంచిదే, ఉద్యోగాలు అడుగుదాం. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి పోయింది, పేదల అసైన్డ్ భూములు కూడా అందులో ఉన్నాయి. ఆ లెక్కలు అడగడానికి ఎన్నేళ్లు పట్టింది? మన కరపత్రానికి వచ్చే రెండు వేలకు మాత్రం రేపే లెక్క అడుగుతారు. అడుగుతారని తెలుసు కాబట్టే మన లెక్క అద్దంలా ఉండాలి.

2023 అక్టోబరులో ఢిల్లీలో న్యూస్‌క్లిక్ అనే వార్తా సంస్థ మీద విదేశీ డబ్బు పేరుతో దాడులు చేసి, సంపాదకుడు ప్రబీర్ పురకాయస్థను ఉపా చట్టం కింద అరెస్టు చేసినారు. 2024 మే 15న సుప్రీంకోర్టు ఆ అరెస్టే చెల్లదంది. ఎందుకని? అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వలేదని. ఆ ఒక్క కాగితమే ఆయన్ని బయటికి తెచ్చింది. 2025 నవంబరులో ఇంకో తీర్పులో, ఏ నేరమైనా సరే అరెస్టు కారణాల్ని ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని కోర్టు చెప్పింది. మనకు అంటే తెలుగులో.

మన నోటికీ అదుపు కావాలి

ఇంకో పక్క కూడా చెప్పాలి. మాట్లాడే హక్కు పేరుతో మనల్ని కులం పేరు పెట్టి తిట్టే వీడియోలు కూడా వస్తున్నాయి. అది హక్కు కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం సెక్షను 3 కింద నేరం. ఫోన్లో తిట్టినా నలుగురికీ కనపడేట్టు తిట్టినట్టేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ కేసును డి.ఎస్.పి. స్థాయి అధికారి విచారించాలి.

అదే కొలత మనకూ ఉంది. ఒకడు చేసిన అన్యాయానికి వాళ్ల ఇంట్లో ఆడవాళ్లను తిట్టడం ఉద్యమం కాదు. మాలలు మాదిగల్నీ, మాదిగలు మాలల్నీ ఫోన్లో బూతులు తిట్టుకోవడం అంతకన్నా కాదు. వర్గీకరణ మీద వాదం ఉంటే వాదించుకుందాం, అది చర్చ. బూతు మొదలైన చోట చర్చ చచ్చిపోతుంది, పైవాడికి సంతోషం మొదలవుతుంది.

మన పద్ధతి ఎట్లుండాలి?

ధర్మవరంలో మగ్గం చూసినోళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. చీరకు పడుగు కావాలి, పేక కావాలి. పడుగు మగ్గం మీద బిగించి ఉంటుంది, ఊరిలో ఉన్నోళ్లు ఆ పడుగు. పేక అటూ ఇటూ తిరుగుతుంది, బయట ఉన్నోళ్లు ఆ పేక. పేక ఎంత మెరిసినా పడుగు తెగితే చీర లేదు. కాబట్టి ఈ కింది నియమాలు మనం పెట్టుకుందామని నా ప్రతిపాదన.

1. ఊరి సంగతిని బయటోళ్లు పెట్టేముందు, ఆ ఊళ్లో దెబ్బ తగిలే కుటుంబాన్ని అడగాలి. వాళ్లు ఆగమంటే ఆగాలి. పోస్టు పెట్టే హక్కు అందరిదీ, ఎప్పుడు పెట్టాలో చెప్పే హక్కు వాళ్లది.

2. అత్యాచారం జరిగిన ఆడబిడ్డ పేరు, మొహం, ఇల్లు చూపించకూడదు. చూపిస్తే భారతీయ న్యాయ సంహిత 72 కింద రెండేళ్ల దాకా జైలు. చట్టం లేకున్నా మనం చేయకూడని పని.

3. చూసింది చూసినట్టు చెప్పాలి. తేదీ, సర్వే నంబరు, అర్జీ రశీదు ఉంటే వాటిని చూపించాలి. పరువునష్టం కేసుకు నిజమూ, కాగితమే మందు.

4. వీడియో తీసిన అసలు ఫోనును, అసలు ఫైలును చెరపకూడదు. కోర్టుకు పెట్టాలంటే సాక్ష్య చట్టం, అంటే కొత్త భారతీయ సాక్ష్య అధినియం సెక్షను 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఫోను తీసుకుంటే పంచనామా కాపీ అడగాలి.

5. వార్తలు క్రమం తప్పకుండా నడిపేవాళ్లు నడిపే మనిషి పేరు, ఫిర్యాదు చేసుకునే చోటు రాసిపెట్టాలి. చానల్ మూసేస్తే ఏ కారణంతో మూసినారో అడగాలి. ఐటీ చట్టం 69ఏ కింద మూయాలంటే రాతపూర్వక కారణాలు ఉండాలని శ్రేయా సింఘాల్ తీర్పులోనే ఉంది.

6. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి. అది పాత చట్టంలో 41ఏ, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 35(3). ఆ నోటీసును వాట్సప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లని నిర్లక్ష్యం చేయొద్దు, లాయరుకు చూపించి రాతపూర్వకంగా జవాబివ్వాలి. అరెస్టు చేస్తే ఇంటివాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి.

7. ఎస్సీ, ఎస్టీలకు సంపాదన ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 చట్టం సెక్షను 12. కోర్టులో న్యాయసేవల కమిటీకి కాగితం పెట్టాలి, లేదా 15100కు ఫోను చేయాలి.

8. బయట ఉండి మన తరఫున రాసేవాళ్లు ఒక మాట ఇవ్వాలి. నా రాత వల్ల ఊళ్లో ఎవరి మీదైనా కేసు వస్తే లాయరు ఖర్చులో నా వంతు ఉంటుంది, బెయిలు వచ్చేదాకా ఫోను ఎత్తుతాను అని. చప్పట్లు పంచుకున్నోళ్లు దెబ్బలు కూడా పంచుకోవాలి.

బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఒక పుస్తకం రాసినారు. ఎంతోమంది కార్యకర్తలు దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగినారు. స్టేషనులో నిలబడి సెక్షను నంబరు చెప్పగలిగిన కూలివాణ్ణి చూసి ఎస్.ఐ. గొంతు తగ్గడం మన పెద్దలకు తెలుసు. చట్టం తెలిస్తే దెబ్బలు పూర్తిగా ఆగుతాయని నేను చెప్పను. ఇప్పుడు సెక్షన్ల నంబర్లు మారినాయి, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినాయి. మనమూ కొత్తగా నేర్చుకోవాలి. మూడు ఊళ్లల్లోనూ నెలకొక్కసారి కూర్చుని, ఒక లాయరును పిలిచి, ఒక్కో సెక్షను చదువుకుందాం. ఆ రోజు గల్ఫ్‌లో ఉన్న అక్కల్నీ అమెరికాలో ఉన్న తమ్ముళ్లనీ ఫోన్లో కలుపుకుందాం. మొదటి బైఠక్కు ఎక్కడ, ఏ ఆదివారం అన్నది ఈ రోజే తేల్చుకుని లేద్దాం. ఊరికొకరు పేరివ్వండి. ఆ ఊరికొకరిలో సగం మందన్నా ఆడవాళ్లు ఉండాలి.

వందేళ్ల కిందట ఆయన పత్రికకు మూగవాళ్ల నాయకుడు అని పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మనం మూగవాళ్లం కాదు. మాట్లాడినోణ్ణి ఒంటరిగా వదిలేయకుండా ఉంటే చాలు.

జై భీమ్!